కింది వీధి నీళ్ళు ఎవరు తాగారు?

మా అత్తయ్య ఇనుప కడ్డీ నములుతుందని పెళ్ళికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నేను కాస్త ఆలోచించుకునేదాన్నేమో. ఎవరూ చెప్పలేదు. కాపురానికొచ్చిన నాలుగో రోజు పొద్దున్నే తలుపు తీసి చూస్తే, వీధి మలుపులో ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు మూరల కడ్డీ ఒక కొన నీళ్ళ వాల్వు మీద ఆనించి, రెండో కొన పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. జనం పక్కనుంచి పనులకి పోతున్నారు. ఒక్కరూ వింతగా చూడటం లేదు. నాకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"పైపు వింటున్నాను," అంది లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "మూడో ఇంట్లో కుళాయి సరిగ్గా కట్టలేదు. వెళ్ళి చెప్పిరా."

వెళ్ళి చెప్పాను. నిజంగానే కట్టలేదు.

అత్తయ్య నీళ్ళ ఆఫీసులో వాల్వు మనిషి. పొద్దున ఐదున్నరకి మా కింది వీధికి నీళ్ళు వదలడం, పదకొండుకి కట్టెయ్యడం ఆవిడ పని. అంతకుముందు ఆ పని మామయ్యది. ఆయన పోయేనాటికి అత్తయ్యకి ముప్ఫై నాలుగేళ్ళు, మా ఆయనకి తొమ్మిది. ఆఫీసు వాళ్ళు పరామర్శకని వచ్చి పనిలో పనిగా వాల్వు కీ తిరిగి ఇమ్మన్నారట. ఈవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి, రేపు పొద్దున నీళ్ళెవరు వదులుతారో ఆ మనిషిని చూపించి కీ పట్టుకుపొమ్మంది. వాళ్ళకి మనిషి దొరకలేదు. తెల్లారి ఈవిడే వదిలింది. ఇరవై ఆరేళ్ళుగా వదులుతూనే ఉంది.

కడ్డీ సంగతి కూడా చెప్పాలి. భూమిలో పైపు ఎక్కడైనా కారుతుంటే ఆ చప్పుడు ఇనుము వెంట పాకుతుంది. కడ్డీ ఆనించి చెవి పెడితే తెలుస్తుంది. అత్తయ్యకి కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమది పదేళ్ళ క్రితం మందగించింది. చెవికి అందని చప్పుడు పళ్ళతో కరిస్తే ఎముకలోంచి తలకెక్కుతుందని తనే కనిపెట్టుకుంది. డాక్టరు కూడా నిజమేనన్నాడు, పళ్ళు మాత్రం జాగ్రత్త అన్నాడు. ముందు పళ్ళు రెండు అరిగిపోయాయి. అన్నం తింటూ దవడ పట్టుకుంటే, రాయి వచ్చిందేమోనని నేను కంగారు పడతాను. "రాయి కాదు, ఆఫీసు పని," అంటుంది.

ఇక నా సంగతి. వీధి మలుపులో ఉన్న కమ్యూనిటీ హాల్లో బుకింగులు రాసుకునే ఉద్యోగం నాది. ఆ ఏడు మా హాల్లో 'వాతావరణానికి వీధి నాయకులు' అని పన్నెండు శనివారాల శిక్షణ పెట్టారు. ఎండలు ముదురుతున్నాయి, రిజర్వాయరు ఏటికేడు అడుగంటుతోంది, ఎవరి వీధిని వాళ్ళే కాపాడుకోవాలి, అందుకు వీధికొక నాయకుడో నాయకురాలో తయారవ్వాలి. ఇదీ ఉద్దేశం. నడిపే ఆవిడని అందరూ మేడమ్ అనేవారు. మంచి మనిషి. గోడ నిండా రంగు కాగితాలు అంటించి మా ఆశలు రాయమనేది. హాలు వెనక ఆవిడ వేసిన తోట ఒకటుంది. చుక్క నీరు పొయ్యక్కర్లేని మొక్కలని ఎక్కడెక్కడివో తెచ్చి నాటింది. మండుటెండల్లో కూడా అవి నవనవలాడుతుంటే వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేది.

పై వీధి నుంచి ఎనిమిది మంది చేరారు. కింది వీధి నుంచి ఒక్కరూ రాలేదు. శనివారం మా వాళ్ళకి సెలవెక్కడిది? వీధి పేరు ఖాళీగా ఉంటే బాగోదని నేనే అత్తయ్య పేరు రాసేశాను. తెలిసి ఒంటికాలి మీద లేచింది.

"నన్నడక్కుండా నన్ను నాయకురాల్ని చేస్తావా?"

"కూర్చుని వినే పనే కదా అత్తయ్యా."

"కుర్చీ ఇస్తారా?"

"ఇస్తారు."

"ఇరవై ఆరేళ్ళలో ఆఫీసు ఇవ్వలేదు. సరే, పద."

మొదట్లో కునికిపాట్లు పడింది. తరవాత తరవాత చెవి అప్పగించింది. పాత సామాన్లు బాగుచేసుకోవడం, కడుగు నీళ్ళు మొక్కలకి మళ్ళించడం, చెత్త ఎరువు చెయ్యడం, ఇవన్నీ ఆవిడకి నచ్చాయి. పదేళ్ళలో మీ వీధిలో ఏం మారింది అని మేడమ్ అందరినీ అడిగినప్పుడు, తక్కినవాళ్ళు పిచ్చుకల గురించీ వెన్నెల గురించీ చెప్పారు. అత్తయ్య లేచి, "వాల్వు తిప్పాక చివరింటికి నీళ్ళు చేరడానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఇప్పుడు యాభై పడుతోంది," అని కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేడమ్ మాత్రం రాసుకుంది.

పదకొండో వారం నీళ్ళ ఆఫీసు ఇంజినీరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా. గోడ మీద ఒక బొమ్మ వేసి చూపించాడు. పై వీధిది పొట్టి పచ్చగీత. కింది వీధిది దానికి రెండింతల ఎర్రగీత. వీధి మలుపులో కొత్తగా పెట్టిన మీటరు లెక్క అది. మా వీధిలో ఇంటింటికీ మీటర్లు లేవు. ఆ మలుపు మీటరు దాటిందంటే ఆ నీళ్ళన్నీ మేం వాడినట్టే.

"అందుకని ఒక ప్రయోగం," అన్నాడు. "కింది వీధికి ఇకమీదట రోజు విడిచి రోజు, గంట సేపు నీళ్ళు. బలవంతం లేదు. చివరి శనివారం సభలో కింది వీధి నాయకురాలే ప్రతిజ్ఞ చదివి, అందరి తరఫునా ఒప్పుకుంటారు."

పై వీధి వాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక ఎవరో, వాళ్ళ పిల్లలు కుళాయిల కిందే పెరుగుతారండీ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై రెండు ఇళ్ళు మావి. ఇంటికి నలుగురైదుగురు, ఎక్కువమందికి ఒక్కటే గది. రోజు విడిచి రోజు గంట నీళ్ళంటే చివరింటికి అందేది పది నిమిషాలు. కానీ ఉద్యోగం ఆ హాల్లోనే కాబట్టి నోరు మెదపలేదు. అత్తయ్య మెదిపింది.

"ఆ ఎర్ర రంగు ఎవరు వేశారు బాబూ?"

"మీటరు వేసిందమ్మా."

"అన్ని నీళ్ళు పట్టుకోడానికి మా అరవై రెండు ఇళ్ళలో అన్ని బకెట్లే లేవు. ఎక్కడో కారుతోంది."

"మిషన్‌తో చూశాం. మీటరు దగ్గర, మీ వీధి మొదట్లో, రెండుచోట్లా పెట్టి పైపు చప్పుడు విన్నాం. లీకు లేదు."

"కడ్డీతో చూశారా?"

ఇంజినీరు నవ్వాడు. వెక్కిరింతగా కాదు, ముసలావిడ ముచ్చట అన్నట్టు. అది ఇంకా మంట.

మర్నాటి నుంచి మూడు పొద్దులు, బళ్ళ చప్పుడు మొదలవకముందే, అత్తయ్య మలుపు నుంచి హాలు దాకా అడుగడుక్కీ కడ్డీ నాటి కరిచింది. మీటరు దాటాక పైపు హాలు ఆవరణ కిందుగా పోయి అవతల మా వీధిలో తేలుతుంది. హాలు ముందర సైకిళ్ళు పెట్టేచోట చప్పుడు జోరుగా ఉందంది. తవ్వాలని ఇంజినీరుని అడిగితే, కొత్త టైల్సు వేశాం, సభ అయ్యాక చూద్దామన్నాడు.

"సభ అయ్యాకంటే, మేం ఒప్పుకున్నాక," అంది అత్తయ్య.

గురువారం పొద్దున ఆరింటికి గుంతల బాబాయిని పిల్చుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో పైపుల గోతులన్నీ తవ్వింది ఆయనే కాబట్టి ఆ పేరు. అనుమతి కాగితం ఏదక్కా అన్నాడాయన. నేనే కాగితం, తవ్వు తమ్ముడూ అంది. టైల్సు లేపి పక్కన బొత్తి పెట్టారు. తొమ్మిదింటికల్లా గొయ్యి ఛాతీ లోతైంది. చుట్టూ రెండు వీధుల జనం. మట్టి పొడిపొడిగా ఉంది. తడి జాడే లేదు.

అడుగున పైపు కనిపించగానే అత్తయ్య బాబాయిని పైకి రమ్మని తను దిగింది. అరవై ఏళ్ళ మనిషి, నేను వద్దంటున్నా వినలేదు. పైపు మీద చెయ్యి వేసి తడిమింది. ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. తరవాత కాలితో మట్టి తోసి అక్కడ కప్పేసి, తలెత్తకుండానే, "ఏం లేదు. పూడ్చెయ్ తమ్ముడూ," అంది.

ఇంజినీరు వచ్చి మెమో రాశాడు. అనుమతి లేకుండా తవ్వినందుకు శనివారం సభ కాగానే కీ అప్పగించాలి. ప్రతిజ్ఞ సవ్యంగా చదివితే పైవాళ్ళతో మాట్లాడి చూస్తానన్నాడు. పై వీధి వాళ్ళు నవ్వుకుంటూ పోయారు. మా వాళ్ళు నవ్వలేదు, అది నయం అనుకునేలోగా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ అందరి ముందూ కడిగేసింది.

"వాళ్ళకి మనం అలుసు, ఇప్పుడు ఇంకా అలుసు చేశావు. నిన్నెవరు తవ్వమన్నారు?"

నేనూ అన్నాను. దాచుకోవడమెందుకు? ఇంటికొచ్చాక, "మీ కడ్డీ పళ్ళు అరగ్గొట్టుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు అత్తయ్యా," అన్నాను. అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆవిడ కడ్డీ తీసుకెళ్ళి తలుపు మూల ఆనించింది. కోపం ముక్కు మీదుండే మనిషి తిట్టకపోతే భయం వేస్తుంది.

సాయంత్రం దీపాలు పెట్టాక, నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ గోతిలో ఇనుప పైపు అయిపోయింది. అక్కణ్ణించి ప్లాస్టిక్కు," అంది.

నాకు అర్థం కాలేదు. ఇంజినీరు హాల్లో పరిచిన ఆఫీసు పటంలో మొత్తం ఇనుమేనని నేనే చూశాను.

"పటం గీసినవాళ్ళకి చెప్పింది మీ మామయ్య. రెండూ కలిపినచోట రబ్బరు చుట్టి తీగ బిగించాడు. తీగ చివర లోపలికి మడిచి ఉంది. ఎవరి చెయ్యీ గీరుకోకూడదని ఆయనొక్కడే అలా మడిచేవాడు."

ఆయన పోవడానికి ఏడాది ముందు ఆ లైను పగిలిపోయిందట. ఆఫీసు నుంచి ఇనుప పైపులు రాలేదు. కింది వీధికి పంతొమ్మిది రోజులు నీళ్ళు లేవు. ఇరవయ్యో రోజు పొద్దున నీళ్ళొచ్చాయి. పైపులొచ్చాయి, వేసేశాను అని మామయ్య ఇంట్లో చెప్పాడు. ఆఫీసు పుస్తకంలో పదకొండు ఇనుప పైపులు అందినట్టు సంతకం పెట్టాడు. అత్తయ్య ఇన్నేళ్ళూ ఆ మాట నలుగురికీ గొప్పగా చెప్పుకుంది. ఆఫీసు గోడ మీద మంచి పనివాడని ఆయన ఫొటో కూడా ఉంది.

"ప్లాస్టిక్కు చప్పుడు మింగేస్తుంది. ఎక్కడ కారుతున్నా అది ఇనుము మొదలయ్యే చోటికొచ్చి మోగుతుంది. నేను వెర్రిదాన్నై మోగినచోట తవ్వాను. పైపంతా ఇనుమనుకున్నాను. మిషనూ అదే అనుకుంది. ఆయన మాట నమ్మి ఇద్దరం బోల్తా పడ్డాం."

"మరి పొద్దునే చెప్పచ్చుగా?"

"పదకొండు పైపులు అమ్ముకు తిన్నాడంటారు," అంది. గొంతు వణికింది. నా పెళ్ళయ్యాక ఆ గొంతు వణకడం అదే మొదటిసారి. "అమ్ముకునుంటే ఈ ఇంటికి ఇంకో గదైనా ఉండేది. చెప్పకపోతే వీధి నీళ్ళు పోతాయి. చెపితే ఆయన ఇంకోసారి పోతాడు."

నేను కత్తిపీట పక్కన పెట్టేశాను.

"ఏం చేద్దాం అత్తయ్యా?"

"అడుగుతున్నావా, పొద్దుటిలా తిడుతున్నావా?"

"అడుగుతున్నాను."

"అయితే రేపు సెలవు పెట్టు. లీకు ఎక్కడో నేను వినలేను. మనం తాగట్లేదని మాత్రం చూపించగలను."

శుక్రవారం ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. అడిగింది ఒక్కటే. రేపు పొద్దున కావలసిన నీళ్ళన్నీ ముందే పట్టుకుని, తొమ్మిదిన్నరకి గుమ్మం బయట కుళాయి కట్టేసి, దాని పిడి మర ఊడదీసి పట్టుకుని హాలుకి రండి. మొదటింట్లో తలుపు సగమే తెరిచారు. నిన్నటి పరువు చాలదా అన్నారు. అప్పుడు అత్తయ్య, నేనెంత మాత్రం ఊహించని పని చేసింది. మామయ్య సంగతి చెప్పింది. సంతకంతో సహా. ఏం దాచలేదు.

ఆ తలుపు పూర్తిగా తెరుచుకుంది.

అలా అరవై రెండు గుమ్మాల్లో నిలబడి అరవై రెండు సార్లు చెప్పింది. మొదట్లో నేల చూపులు చూస్తూ చెప్పింది. ఇరవయ్యో ఇంటికి వచ్చేసరికి ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ చెప్పసాగింది. ఒక ముసలాయన, ఆ పంతొమ్మిది రోజులు నాకు గుర్తేనమ్మా, రైలు స్టేషను నుంచి మోసుకున్నాం, అన్నాడు. పురిటి బిడ్డ ఉన్న ఇంట్లో, పిడి తీసేస్తే ఎలాగని తటపటాయించారు. వాళ్ళకి మా ఇంటి బకెట్లు రెండు నింపి ఇస్తామన్నాను. బట్టలు కుట్టే ఆవిడ అంతా విని, లోపలికి పోయి, స్క్రూడ్రైవరు తెచ్చి అప్పుడే పిడి ఊడదీయబోయింది. రేపమ్మా రేపు, అని ఆపాల్సొచ్చింది.

శనివారం హాలు నిండిపోయింది. మా వీధి మొత్తం ఒక పూట పని మానుకుని వచ్చి వెనక గోడ వెంట నిలబడింది. వేదిక మీద మేడమ్, ఇంజినీరు, పూలకుండీ, తాగడానికి ప్లాస్టిక్ సీసాలు. వీధి నాయకులని ఒక్కొక్కరినే పిలిచారు. అత్తయ్య వంతు రాగానే చేతికి ప్రతిజ్ఞ కాగితం ఇచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కళ్ళజోడు తేలేదు," అంది మైకులో. "తెచ్చినా చదవను."

ఇంజినీరు మొహం మాడ్చుకున్నాడు.

"నీళ్ళు పొదుపు చెయ్యాలి. ఒప్పుకుంటాను. ఈ పన్నెండు వారాల్లో నాకు ఆ మాట బాగా ఎక్కింది. కానీ మేం తాగని నీళ్ళకి మేం ప్రతిజ్ఞ చెయ్యం. మా వాళ్ళు కొన్ని వస్తువులు తెచ్చారు, బల్ల మీద పెడతారు."

ముందు బట్టలు కుట్టే ఆవిడ నడిచింది. ఇత్తడి పిడి బల్ల మీద టంగుమని పెట్టింది. ఆవిడ వెనక ముసలాయన. ఆయన వెనక మిగతావాళ్ళు. తుప్పు పట్టినవి, రంగు పోయినవి, ఒకటి గుడ్డముక్క చుట్టినది. మాది నేను పెట్టాను. అందరూ చూస్తున్నారు, ఉద్యోగం ఏమవుతుందో ఏమో అనుకుంటూనే పెట్టాను. అరవై రెండూ పెట్టేసరికి సీసాలు పక్కకి దొర్లి కింద పడ్డాయి.

"ఇప్పుడు మా వీధిలో ఒక్క కుళాయి విప్పాలన్నా పిడి ఇక్కడుంది," అంది అత్తయ్య. "వాల్వు తెరిచే ఉంది. పదకొండు దాకా తెరిచే ఉంటుంది. మీటరు చూద్దాం రండి సారూ."

"ఇది సభ అమ్మా. ఇక్కడ ఇవన్నీ..." అంటూ ఇంజినీరు నీళ్ళు నమిలాడు.

మేడమ్ కుర్చీలోంచి లేచింది. మెట్లు దిగి మలుపు వైపు నడిచింది. ఆవిడ వెళ్ళాక ఇంక ఎవరాగుతారు? రెండు వీధులూ కలిసి మీటరు చుట్టూ మూగాయి.

ముల్లు తిరుగుతోంది. తీరుబడిగా, హాయిగా, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు తిరుగుతోంది.

ఇంజినీరు వంగి చూశాడు. పైపులో గాలి అయ్యుండొచ్చన్నాడు. అయితే నిలబడి చూద్దామంది అత్తయ్య. పది నిమిషాలు నిలబడ్డాం. ఒక్క కుళాయీ విప్పని వీధి ఆ పది నిమిషాల్లో ముప్ఫై బకెట్ల నీళ్ళు తాగింది. తరవాత ఆవిడ కీతో వాల్వు కట్టింది. ముల్లు ఆగింది. విప్పింది. తిరిగింది. పై వీధి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొన్న కుళాయిల కింద పెరుగుతారన్న పెద్దమనిషి నెమ్మదిగా వెనక వరసలోకి జారుకున్నాడు, నేను చూడలేదనుకున్నాడు కానీ చూశాను.

మేడమ్ తిరిగి హాలు వెనక వైపు చూసింది. "అయితే నా తోట..." అని ఆగిపోయింది.

"తాగుతోందమ్మా," అంది అత్తయ్య. "దాని తప్పేముంది, పాపం. పెట్టేవాళ్ళుంటే ఎవరు తాగరు?"

ఇంజినీరు ఇంకా లొంగలేదు. "ఇనుప పైపు ఇంత కారితే మిషన్ పట్టుకుని తీరాలి. పటంలో మొత్తం ఇనుమే ఉంది."

ఆ ప్రశ్న వస్తుందని మా ఇద్దరికీ తెలుసు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, గొంతు మాత్రం వణకలేదు.

"పటం తప్పు. మధ్యలో పదకొండు పైపులు ప్లాస్టిక్కువి. వేసింది మా ఆయన. ఇనుమని సంతకం పెట్టిందీ ఆయనే."

"మరి ఆ ఇనుప పైపులు ఏమయ్యాయి?" అన్నాడు ఇంజినీరు. గుంపులో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.

"రాలేదు," అంది. "రాని పైపులకి ఆఫీసువాళ్ళు సంతకం పెట్టమంటే పెట్టాడు. ఎందుకంటే పంతొమ్మిది రోజులు ఈ వీధికి నీళ్ళు లేవు, సంతకం పెట్టకపోతే ఇంకా ఎన్నాళ్ళో. దొరికిన పైపులు వేశాడు. అది తప్పు కాదని నేననను. నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వేముందు ఆ పంతొమ్మిది రోజులూ మీ ఇంట్లో కుళాయి వచ్చిందో లేదో గుర్తు చేసుకోండి."

మళ్ళీ ఎవరూ కిసుక్కుమనలేదు.

తవ్వడానికి పై నుంచి ఉత్తర్వు రావాలన్నాడు ఇంజినీరు. ఉత్తర్వు వచ్చేదాకా మీటరు తిరగనిద్దామా అని మేడమే అడిగింది. ఆయన కాసేపు ముల్లు వంక చూసి, టోపీ తీసి, సరే కానివ్వండి అన్నాడు. తోటలో మేడమ్ తన చేత్తోనే మొక్కలు పెకిలించి పక్కన పెట్టింది. గుంతల బాబాయి పలుగు అందుకున్నాడు. మా వీధి వాళ్ళు వంతులు వేసుకుని మట్టి ఎత్తారు, పై వీధి నుంచి కూడా ఇద్దరొచ్చారు. నడుం లోతుకే బురద తగిలింది. మూడో అతుకు దగ్గర తీగ తుప్పు పట్టి తెగిపోయింది. బాబాయి బయటికొచ్చేలోపు నీళ్ళు మోకాళ్ళ దాకా లేచాయి.

అక్కడే, గట్టు మీద బల్ల వేసుకుని, ఇంజినీరు నివేదిక రాశాడు. రాశాక మర్యాదగా అత్తయ్యకి చదివి వినిపించాడు. నష్టానికి కారణం, కింది వీధి లైనులో అతుకు లోపం.

"కింది వీధి అని రాయొద్దు," అంది.

"లైను పేరే అదమ్మా."

"పోయిన శనివారం మా వీధి పేరుని గోడ మీద ఎర్రరంగులో చూశాం బాబూ. ఆ మాట పక్కన నష్టం అనే మాట ఇంకోసారి ఉండటానికి వీల్లేదు. అతుకేసిన మనిషికి పేరుంది. ఆ పేరు రాయండి."

ఇంజినీరు కలం ఆగింది. "పోయిన మనిషి పేరు ఇందులో ఎందుకమ్మా? గోడ మీద ఫొటో కూడా తీసేస్తారు. నన్నడిగితే..."

"నిన్నడగలేదు కదా."

"మెమో కూడా నేను వెనక్కి తీసుకోలేను."

"అదీ అడగలేదు. రాయి."

మామయ్య పూర్తి పేరు, ఇంటిపేరు, ఉద్యోగం నంబరు చెప్పింది. ఆయన రాస్తున్నంతసేపూ బల్ల పక్కనే నిలబడింది. రాయడం అయ్యాక కాగితం తీసుకుని, కళ్ళకి దూరంగా పెట్టి చూసి, నా చేతికిచ్చింది.

"చదువు."

చదివాను. నష్టానికి కారణం ప్రజల వాడకం కాదు. అనుమతి లేని ప్లాస్టిక్ పైపు. వేసినవారు, అని మామయ్య పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. నేనెన్నడూ చూడని మనిషి, మా ఆయనకి తండ్రి, ఆ పేరు అలా చదవాల్సి వస్తుందని ఎవరనుకున్నారు? తరవాత ఎలాగో చివరిదాకా చదివాను.

"కింది వీధి అని ఎక్కడైనా ఉందా?"

"లేదు అత్తయ్యా."

ఆవిడ గట్టు చుట్టూ నిలబడ్డవాళ్ళని చూసింది. మా వాళ్ళనీ చూసింది, పై వీధి వాళ్ళనీ చూసింది.

"మళ్ళీ చదువు," అంది. "ఈసారి ఆయన పేరు దగ్గర ఆగకు."